మా ఊరికి కాలయంత్రం వచ్చిన ఏడాది

1991 జూలై 18న 'ఆదిత్య 369' విడుదలైనప్పుడు నేను తిరుపతిలో ఏడో తరగతి చదువుతున్నాను. అంతకు రెండు నెలల ముందు, మే 21న, శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. మద్రాసు దారిలో మాకు అంత దగ్గర ఊళ్ళో అలాంటి ఘోరం జరిగేసరికి ఇంట్లో పెద్దవాళ్ళు చాలా రోజులు రేడియో దగ్గరనుంచి కదలలేదు. ఎన్నికలు ముగిశాయి, పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యారు, బడులు తెరిచారు. ఆషాఢం గాలి దుమ్ము రేపుతున్న రోజుల్లో ఒక సాయంత్రం మైకు కట్టిన ప్రచారం రిక్షా మా కొర్లగుంట సందులోకి వచ్చింది. అందులోని మనిషి బాలకృష్ణ పేరు రెండుసార్లు, శ్రీకృష్ణదేవరాయలి పేరు రెండుసార్లు చెప్పి, ఆ ఇద్దరి మధ్య 'టైం మెషిన్' అనే మాటను గబగబా పలికి ముందుకు సాగిపోయాడు.

ఆ మాట ఏమిటో మా వీధిలో ఎవరికీ అంతుపట్టలేదు. మా చిన్నాయనకు మాత్రం తెలుసు. ఆయన అప్పట్లో ఊళ్ళోని ఒక థియేటర్లో అసిస్టెంట్ ఆపరేటరుగా పని చేసేవాడు. ఆ థియేటరు ఇప్పుడు లేదు, పైగా నేను చెప్పబోయే సంగతి వాళ్ళకు అంత గౌరవం తెచ్చేది కాదు కాబట్టి దాని పేరు చెప్పను. సినిమా పుస్తకాలన్నీ ముందుగా ఆయన చేతికే వచ్చేవి కనుక, ఏ సినిమా గురించైనా మా ఇంట్లో ఆయనదే చివరి మాట. ఆ రాత్రి భోజనాల దగ్గర మా అవ్వ అడిగింది.

"ఏందిరా అది, ఆ రిక్షావోడు చెప్పింది?"

"కాలయంత్రం మా."

"యంత్రమా? రాగిరేకు మింద గీసి మెళ్ళో కట్టుకునేదేనా?"

"అది కాదు మా. మనిషి దాంట్లో కూసోని పోయేది."

"యాడికి?"

"నిన్నటికి పోవచ్చు. రేపటికీ పోవచ్చు."

అవ్వ కాసేపు ఆలోచించి, "రేపటికి ఎట్లా ఊరికే కూసున్నా పోతాం గదరా" అంది. చిన్నాయన దగ్గర దీనికి సమాధానం లేకపోయింది. నా దగ్గర ఇప్పటికీ లేదు.

తిరుపతిలో పెరిగిన ముసలమ్మకు యంత్రం అంటే తాయెత్తో, పీఠం కింద ప్రతిష్ఠించే రేకో గుర్తుకు రావడంలో వింతేమీ లేదు. అప్పటివరకు మా తెలుగు సినిమాలో కాలాన్ని దాటి తిరిగినవాళ్ళు నారదుడూ యముడూ చిత్రగుప్తుడూ మాత్రమే. మామూలు ప్యాంటూ షర్టూ వేసుకున్న మనిషి, వరమూ శాపమూ ఏమీ లేకుండా, ఒక శాస్త్రవేత్త తయారు చేసిన బండి ఎక్కి నాలుగున్నర శతాబ్దాల వెనక్కు పోవడం అన్నది మాకు పూర్తిగా కొత్త. ఈ ఊహకు మూలమైన నవలను హెచ్.జి. వెల్స్ 1895లోనే రాశాడని నాకు కాలేజీకి వచ్చాక గాని తెలియలేదు. ఇంగ్లీషువాళ్ళకు తొంభై ఆరేళ్ళ పాతదైన సరుకు మా సందులోకి ఆ సాయంత్రం సరికొత్తగా రిక్షాలో వచ్చింది.

దూరదర్శన్‌లో ఈ సినిమా చూడమని చిరంజీవి చెప్పే ప్రకటన కూడా వచ్చేది. ఒక హీరో సినిమాకు మరో హీరో ప్రచారం చేయడం అప్పుడు అందరికీ ఆశ్చర్యమే. మా బడిలో ఇద్దరి అభిమానులూ రెండు ముఠాలుగా ఉండేవారు, ఇంటర్వెల్‌లో గోలీలు కూడా కలిసి ఆడేవారు కాదు. ఆ ప్రకటన పుణ్యమా అని వారం పది రోజులు వాళ్ళ మధ్య సంధి కుదిరింది. ఆ సంధి ఎన్నాళ్ళు నిలిచిందో చెప్పి ఎవరినీ నొప్పించదలచుకోలేదు.

విడుదలైన రెండో వారమో మూడో వారమో, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటకు అవ్వనూ నన్నూ చిన్నాయన తన థియేటరుకు తీసుకుపోయాడు. మేము కుర్చీ తరగతిలో కూర్చున్నాం. తిరుపతి థియేటర్లలో సినిమా చూడని వారికి ఒక విషయం చెప్పాలి. కొండమీద దర్శనం చేసుకుని కిందికి దిగిన యాత్రికులు, రాత్రి రైలు దాకా ఎక్కడ ఉండాలో తెలియక, మధ్యాహ్నం ఆటకు వచ్చి కూర్చునేవారు. సత్రంలో గది ఖాళీ చేసిన కుటుంబాలు సంచులూ లడ్డూ పొట్లాలూ ఒళ్ళో పెట్టుకుని చూసేవి. ఆ రోజు మా ముందు వరస మొత్తం గుండ్లే. తాత, తండ్రి, ఇద్దరు పిల్లలు, ఒక నడివయసు స్త్రీ, అందరూ తలనీలాలు ఇచ్చి, గుండ్లకు గంధం పట్టించుకుని వచ్చారు. ఆరిన గంధం సన్నగా పగిలి, తెర మీది వెలుగు మారినప్పుడల్లా ఆ గుండ్లు ఒకసారి పసుపుగా, ఒకసారి నీలంగా కనబడేవి. చెమటకు తడిసిన గంధం వాసన, వేయించిన చెనిక్కాయల వాసన, బీడీ పొగ కలిసిన ఆ గాలి నాకు ఆ సినిమాలో ఒక భాగమే అయిపోయింది.

సినిమా ఒక పిల్లవాడితో మొదలవుతుంది. బడిపిల్లలతో కలిసి మ్యూజియం చూడటానికి పోయిన కుర్రాడు రాత్రికి అక్కడే ఉండిపోయి, రాయల కాలపు వజ్రాన్ని దొంగలు ఎత్తుకుపోవడం చూస్తాడు. ఆ వేషం వేసిన తరుణ్ అంతకు ముందే 'అంజలి'లో నటించి జాతీయ పురస్కారం పొందిన బాలుడు. నా ఈడువాడే కథకు తాళం తీశాడు కాబట్టి నేను మొదటి నిమిషంలోనే లోపలికి పోయాను. ప్రొఫెసరుగా టినూ ఆనంద్, ఆయన కూతురు హేమగా మోహిని, పాత వస్తువుల మీద పిచ్చి పట్టిన దుర్మార్గుడిగా అమ్రీష్ పురి, కానిస్టేబులుగా సుత్తివేలు కనిపించారు. జంధ్యాల మాటలకు థియేటరు మొత్తం నవ్వుతూ ఉంటే, రాబోయే విచిత్రం కోసం నేను కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాను. కథానాయకుడు కృష్ణకుమార్‌గానూ, శ్రీకృష్ణదేవరాయలుగానూ బాలకృష్ణే నటించాడని తెలిసినా, ఆ రెండు ముఖాలు ఒకే తెర మీద ఎలా పడతాయోనన్నది నా పెద్ద బెంగ.

ఇక్కడ చిన్నాయన పని గురించి కొంచెం చెప్పకపోతే ఆ రోజు జరిగింది అర్థం కాదు. ఆ రోజుల్లో సినిమా అంటే రేకు డబ్బాల్లో వచ్చే ఫిల్ము. వెయ్యి అడుగుల రీలు తెర మీద పదకొండు నిమిషాలు నడుస్తుంది. సెకనుకు 24 బొమ్మలు, అడుగుకు 16 బొమ్మలు. రెండు ప్రొజెక్టర్లుంటాయి. ఒకదానిలో రీలు నడుస్తూ ఉండగా రెండోదానిలో తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచాలి. రీలు చివరికి వచ్చేటప్పుడు తెరకు కుడివైపు పైమూలన ఒక చుక్క తళుక్కుమంటుంది. అది కనబడగానే రెండో ప్రొజెక్టరు మోటారు వేయాలి. మరి ఏడెనిమిది సెకన్లకు రెండో చుక్క పడుతుంది. ఆ క్షణంలో ఇటు వెలుతురు మూసి అటు తెరవాలి. సరిగ్గా చేస్తే కింద కూర్చున్నవారిలో ఒక్కరికి కూడా తెలియదు. చిన్నాయనకు అదే గర్వం. మనం చేసిన పని ఎవరికీ కనబడకపోవడమే పనితనమని ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

పైగా ఈ సినిమాకు ఆ థియేటరుకూ ఊరికి అటు చివరనున్న ఇంకొక థియేటరుకూ కలిపి ఒకే ప్రింటు నడుస్తోంది. వాళ్ళకు రెండు గంటలకు ఆట, మాకు మూడుంబావుకు. అక్కడ నడిచిపోయిన రీళ్ళను మూడేసి డబ్బాల చొప్పున గోనెసంచిలో వేసుకుని, సైకిలు వెనక కట్టుకుని, ఒక కుర్రాడు గాంధీ రోడ్డు జనంలోనుంచి తొక్కుకుంటూ వచ్చేవాడు. డబ్బా మూత మీద సుద్దముక్కతో నంబరు వేసి ఉండేది. ఆ నంబరు చూసే ఇక్కడ వరసగా పేర్చుకునేవారు. ఆ రోజు వాన జల్లు పడింది. మూతల మీది సుద్ద కొంత చెరిగింది. ఒక డబ్బా తలకిందులుగా పెట్టారు.

యంత్రం కదిలింది. తెర మీద దీపాలు వెలిగాయి. థియేటర్లో ఈలలు మొదలయ్యాయి. మా ముందు వరసలోని తాత కండువా తీసి గాలిలో తిప్పాడు. రాయలవారి విజయనగరం చూడటానికి అందరమూ సిద్ధమై కూర్చున్నాం. ఇంతలో తెర మీద రాయలు లేడు, సభ లేదు. మూడో ప్రపంచయుద్ధం అయిపోయి, అణుధూళికి భయపడి భూమి లోపల బతుకుతున్న 2504వ సంవత్సరపు మనుషులు కనిపించారు. వింత దుస్తులు, తెల్లని గోడలు, యంత్రాలు. ఒక అర నిమిషం అంతా నిశ్శబ్దం. అప్పుడు ముందు వరసలో గంధం గుండు నడివయసు స్త్రీ గోదావరి యాసలో తన మొగుడికి ధైర్యం చెప్పింది.

"యంత్రం కదండీ, ఎటైనా పోద్ది. కంగారు పడకండి, ఆనక రాయలవారి దగ్గరికి తీసుకుపోతాడు."

ఆ మాట చుట్టుపక్కల పదిమందికి నచ్చింది. నాకూ నచ్చింది. కాలంలో తిరిగే బండి ఒక మలుపు తప్పి ముందుకు పోయిందని మేమంతా ఒప్పేసుకున్నాం. అభిమానులు మళ్ళీ ఈలలు వేశారు. మూడు నాలుగు నిమిషాలు అలాగే నడిచింది. ఆ తర్వాత పైన గదిలోనుంచి ఎవరో అరిచిన అరుపు వినిపించి, తెర తెల్లబడి, లైట్లు వెలిగాయి. పావుగంట ఆలస్యంగా మళ్ళీ మొదలైనప్పుడు, హేమా కృష్ణకుమారూ బుద్ధిగా 1526లో, రాయల రాజ్యంలో దిగారు. ఆ స్త్రీ వెనక్కు తిరిగి మా అవ్వతో "చెప్పానా" అంది. అవ్వ తల ఊపింది.

రాత్రి చిన్నాయన అన్నం కలుపుకుని తినకుండా కూర్చున్నాడు. ఆరో నంబరు డబ్బా, తొమ్మిదో నంబరు డబ్బా తారుమారయ్యాయి. రీలు మొదట్లో ఉండే తోక మీద కూడా నంబరు ఉంటుంది, అది చూసుకుని ఎక్కించాల్సిన పని తనదే. వాన వల్ల కరెంటు ఊగిసలాడుతుంటే ప్రొజెక్టరుకు వెలుతురునిచ్చే కార్బన్ కడ్డీలు సరిచేసే హడావిడిలో అది చూడలేదు. తలకిందులైన ఆరు తొమ్మిదయింది. సినిమా పేరులోనే ఆరూ తొమ్మిదీ పక్కపక్కన ఉన్న సంగతి నేను అప్పుడే గుర్తు చేశాను. ఆ సమయంలో అది అనాల్సిన మాట కాదు. యజమాని ఆయనకు రెండు రోజుల జీతం కోశాడు. సుద్దముక్కతో నంబరు వేసి వానలో పంపిన పద్ధతిని మాత్రం ఎవరూ తప్పు పట్టలేదు. ఆ మర్నాటినుంచి చిన్నాయన తన డబ్బులతో ఎర్ర రంగు కొని, ఆరు కింద ఒక గీత, తొమ్మిది కింద ఒక గీత గీయడం మొదలుపెట్టాడు.

అవ్వకు సినిమాలో అన్నిటికన్నా రాయలు నచ్చాడు. అయితే ఆమెకు ఒక ఫిర్యాదు ఉండేది. "మన రాయలు అట్లుండడు" అనేది. 'మన రాయలు' అనడంలో ఆమె అతిశయం ఏమీ లేదు. ప్రతి ఏడూ ఒకటి రెండుసార్లు ఆమె ఆయన్ను చూసేది. తిరుమల గుడి మహాద్వారం దాటి లోపలికి అడుగు పెట్టగానే కుడివైపు మండపంలో శ్రీకృష్ణదేవరాయలూ, ఆయన ఇద్దరు దేవేరులు తిరుమలదేవీ చిన్నాదేవీ స్వామివైపు చేతులు జోడించి నిలబడి ఉంటారు. లోహంతో పోసిన నిలువెత్తు విగ్రహాలు. రాయల తల మీద పొడవాటి కుళ్ళాయి ఉంటుంది. సినిమా చూసిన తర్వాత నెలలో అవ్వతో అలిపిరి మెట్ల దారిన కొండెక్కినప్పుడు నేను ఆ మండపం దగ్గర కావాలని ఆగిపోయాను. వెనకనుంచి జనం తోస్తున్నారు. తెర మీద సింహాసనం మీద కూర్చుని అందరిచేతా మొక్కించుకున్న రాయలు ఇక్కడ తాను మొక్కుతున్నాడు. ముఖంలో ఠీవి ఏమీ లేదు. నాలుగు గంటలు క్యూలో నిలబడి ఇప్పుడే స్వామిని చూడబోతున్న మనిషి ముఖంలా ఉంది.

రాయలు మొదటిసారి తిరుమలకు వచ్చింది 1513 ఫిబ్రవరిలో. 1521 లోపల మొత్తం ఏడుసార్లు వచ్చాడని శాసనాలు చెబుతాయి. గజపతుల మీద యుద్ధాలకు పోతూ వస్తూ ఆగి మొక్కులు చెల్లించాడు, ముప్ఫైవేల వరహాలతో స్వామికి కనకాభిషేకం చేయించాడు, ఈ విగ్రహాలను 1517లో పెట్టించాడు, మరుసటి ఏడు ఆనందనిలయ విమానానికి బంగారు తాపడం పూర్తి చేయించాడు. ఇప్పుడు మనం చూస్తున్న తాపడం 1958 నాటిది, అది వేరే సంగతి. ఈ తేదీలు నాకు మా బడిలో సోషల్ చెప్పే అయ్యవారు చెప్పారు. ఆయన చెప్పిన రోజు నేను నోటుపుస్తకం వెనక ఒక తీసివేత లెక్క చేశాను. సినిమాలో యంత్రం దిగిన సంవత్సరం 1526. విగ్రహాలు పెట్టింది 1517. అంటే కృష్ణకుమారూ హేమా విజయనగరంలో దిగేనాటికి ఈ విగ్రహాలకు అప్పటికే తొమ్మిదేళ్ళు. వాళ్ళు ఆ రాజధాని హడావిడిలో చిక్కుకోకుండా తిరుమలకు వచ్చి ఉంటే, పోయిన నెల నేను జనం తోపులాటలో చూసిన అవే మూడు బొమ్మలను, అదే చోట, కాస్త కొత్త మెరుపుతో చూసి ఉండేవారు. ఈ లెక్క తేలినప్పుడు కలిగిన పులకింత నాకు సినిమా కూడా ఇవ్వలేదు. మా ఊళ్ళో అందరూ అవ్వచేతినో అమ్మచేతినో పట్టుకుని, ఏ యంత్రమూ లేకుండా, ఆయన ముందునుంచి నడిచి పోతున్నారన్నమాట. నేను ఈ సంగతి ఎంత గొప్పగా చెప్పినా మా తరగతిలో ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ళకు 2504 కావాలి.

ఆ ఏడాది బడివాళ్ళు మమ్మల్ని చంద్రగిరి కోటకు తీసుకుపోయారు. రాజమహల్‌ను కలప వాడకుండా ఇటుకా సున్నమూ రాయితోనే కట్టారని మార్గదర్శకుడు చెబుతూ ఉంటే, మాలో సగంమంది యంత్రం దిగడానికి ఏ మైదానం అనువుగా ఉంటుందో వెదుకుతున్నారు. లోపలి మ్యూజియంలో ఎవరైనా రాత్రికి ఉండిపోతారేమోనని మా అయ్యవారు బయటికి వచ్చాక రెండుసార్లు తలలు లెక్కపెట్టుకున్నారు. ఆయన కూడా సినిమా చూశారని మాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లోనే చిత్తూరు రోడ్డులో గాదంకి దగ్గర పెద్ద రాడారు కడుతున్నారని ఊళ్ళో చెప్పుకునేవారు. వాతావరణం పైపొరలను పరిశీలించే రాడారది, 1992, 93 ప్రాంతంలో పని మొదలుపెట్టింది. 1024 యాంటెన్నాలు పొలంలో వరసగా నాటినట్టుంటాయి. మా బడిలో ఒక కుర్రాడు, అక్కడ నిజంగా కడుతున్నది కాలయంత్రమేననీ, సర్కారు బయటికి చెప్పడం లేదనీ ప్రమాణం చేసి చెప్పాడు. వాళ్ళ మామ అక్కడ సిమెంటు పనికి పోతున్నాడు కాబట్టి మేము నమ్మాం.

సినిమా మారిపోయాక చిన్నాయన నాకు ఒక కానుక ఇచ్చాడు. రీలు తెగినప్పుడు రెండు కొసలనూ కొంచెం కత్తిరించి, గీకి, జిగురు పెట్టి అతికిస్తారు. అలా కత్తిరించగా మిగిలిన ముక్కలు ఆపరేటరు గదిలో నేల మీద పడి ఉండేవి. వాటిలో రాయల సభ ఉన్న ముక్కను ఆయన జేబులో వేసుకుని తెచ్చాడు. మూడు బొమ్మలు, అంటే సెకనులో ఎనిమిదో వంతు. మాడిపోయిన కరెంటు బల్బు అడుగు ఊడగొట్టి, లోపలి తీగ తీసేసి, నీళ్ళు పోశాం. వసారాలో అద్దం పెట్టి ఎండను తలుపు సందులోంచి లోపలికి మళ్ళించి, ఫిల్ము ముక్కను అడ్డుపెట్టి, దాని ముందు నీళ్ళ బల్బును పట్టుకుంటే, గోడకు కట్టిన తాత పాత పంచె మీద రాయలు తలకిందులుగా పడ్డాడు. ముక్కను తిప్పి పట్టుకున్నాం. నిలబడ్డాడు. సూర్యుడు కదిలినకొద్దీ అద్దం జరపాలి, జరిపినప్పుడల్లా రాయలు పంచె మీద నెమ్మదిగా ఒక పక్కకు పోయేవాడు. అవ్వ మంచం మీద కూర్చుని చాలాసేపు చూసి, "ఈన కొంచెం నయం, గమ్మునుండాడు" అంది.

చిన్నాయన ఆ బొమ్మలు చూపిస్తూనే నాకు వెలుతురు సంగతి నేర్పాడు. ఈ సినిమాకు ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. పి.సి. శ్రీరామ్ వర్తమానం తీసి, ఆరోగ్యం బాగా లేక తప్పుకున్నారు. గతం వి.ఎస్.ఆర్. స్వామి తీశారు, భవిష్యత్తు కబీర్‌లాల్ తీశారు. మూడు కాలాలకూ మూడు రకాల వెలుతురు ఉండటానికి ఒక మనిషి జబ్బు కూడా కొంత కారణమేమోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఇళయరాజా సంగీతం సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కర లేదు. 'జాణవులే' పాట కొర్లగుంటలో ఏడాదిపాటు ప్రతి పెళ్ళి పందిట్లో మోగింది. మాటలు లేకుండా 'పుష్పక విమానం' తీసిన సింగీతం శ్రీనివాసరావు ఈ కథ కూడా తీయగలరని నమ్మి ముందుకు వచ్చిన నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్, సమర్పించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. గాయకుడు సినిమా సమర్పించడమేమిటో అప్పుడు నాకు తెలియక, పేర్లు పడేటప్పుడు పొరపాటుగా వేశారనుకున్నాను.

ఆ తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. అవ్వ 1998లో పోయింది. చిన్నాయన థియేటరు మూతపడి, కల్యాణమండపమై, తర్వాత బట్టల దుకాణమైంది. ఆయన కొన్నాళ్ళు ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టులో పనిచేసి మానుకున్నాడు. 1991లో మాది చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4నుంచి తిరుపతి జిల్లా. సరిగ్గా మూడేళ్ళకు, 2025 ఏప్రిల్ 4న, 'ఆదిత్య 369'ను 4కెలో మెరుగుపరచి మళ్ళీ విడుదల చేశారు. నేను మా అమ్మాయినీ, అరవై దాటిన చిన్నాయననూ తీసుకుని పోయాను. ఆ రోజుల్లో నేను చూసిన సినిమాలోని 2504 ఇంకా దూరంగానే ఉంది గాని, 1991 మాత్రం చాలా వెనక్కు పోయింది. తెర మీద కనిపించిన ఫోన్లూ కార్లూ చొక్కా కాలర్లూ చూసి మా అమ్మాయి, "అమ్మా, ఇది కూడా పాతకాలం సెట్టింగేనా?" అని అడిగింది. కాదనీ, అప్పుడు అది వర్తమానమనీ చెప్పాను.

థియేటర్లో చల్లగా ఉంది. గంధం వాసన లేదు, కానీ రెండు వరసల ముందు ఒక కుటుంబం గుండ్లతోనే కూర్చుని ఉంది. టోపీలు పెట్టుకున్నారు. పేర్లు పడుతుండగానే చిన్నాయన మెల్లగా ఒక్కొక్కరినీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సిల్క్ స్మిత పోయింది 1996లో. జంధ్యాల 2001లో. అమ్రీష్ పురి 2005లో. సుత్తివేలు 2012లో. బాలు 2020లో. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ తెర మీదికి రాగానే "ఈయన మొన్ననే గదా" అన్నాడు. 2023లో. నవ్వించే సన్నివేశంలో నవ్వుతూనే ఈ లెక్క నడిపించాడు. యంత్రం కదిలే ఘట్టం వచ్చేసరికి మాత్రం లెక్క ఆపి, కుర్చీ చేతులు పట్టుకున్నాడు. రాయల సభ రావలసిన చోట రాయల సభే వచ్చింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

ఆ తర్వాత ఆయన తెర మధ్యలో ఏం జరుగుతోందో సరిగా చూడటం లేదని గమనించాను. చూపు కుడివైపు పైమూలనే ఉంది. పది నిమిషాలకొకసారి వీపు నిటారుగా పెట్టి, కుడిచెయ్యి కొంచెం పైకి లేపి, కాసేపు ఆగి, దించేసేవాడు. ఏమిటని అడిగాను.

"చుక్క కోసరం చూస్తా ఉండా పాపా" అన్నాడు. "ఇంతసేపయ్యింది, ఒక్కటీ పడలా."

ఇప్పుడు రీళ్ళు లేవని, మార్చే పనే లేదని, ప్రింటులో చుక్కలున్నా బాగుచేసినప్పుడు తుడిచేసి ఉంటారని చెప్పాను. ఆయనకు ఇవన్నీ తెలుసు. తల ఊపాడు. కాసేపటికి మెడ వెనక్కు తిప్పి, చీకట్లో మన తలల మీదుగా వెలుతురు వస్తున్న ఆ చిన్న కిటికీని చూశాడు. అక్కడ మనిషి నీడ ఏదీ కదలడం లేదు. మళ్ళీ తెరవైపు తిరిగి, కుడిమూలకు చూపు పెట్టుకుని, చెయ్యి కుర్చీ మీద సిద్ధంగా ఉంచుకుని, 2504 మొదలయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.